నర్సు జీతంతో ఇంటి అప్పు

మన గ్రామాలలో అనేక కుటుంబాలకు మొదటి నెల జీతం తెచ్చినది నర్సుగా చదివిన కుమార్తెయే. మిషన్ ఆసుపత్రులలో శిక్షణ పొంది, నేడు పట్టణాలలో నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా, ఫార్మసిస్టులుగా పనిచేస్తున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు. ఉద్యోగం స్థిరపడగానే ఇంట్లో వినిపించే మాట, “అమ్మాయి పేరున లోన్ తీసి ఇల్లు కట్టుదాం” అని. అది మంచి ఆలోచనే. అయితే ఆ అప్పు పదిహేను, ఇరవై సంవత్సరాలు ఆమె వెంట నడుస్తుంది. కనుక సంతకానికి ముందే కుటుంబమంతా కూర్చొని కొన్ని విషయాలు ఆలోచించుకోవాలి.

ఎంత అప్పు తీసుకోవాలి?

ఆసుపత్రి జీతంలో రెండు భాగాలుంటాయి. ఒకటి ప్రతి నెలా తప్పక వచ్చే జీతం. రెండవది నైట్ డ్యూటీలు, ఓవర్‌టైమ్ వలన వచ్చేది. ఉదాహరణకు ఒక నర్సు చేతికి నెలకు 38,000 రూపాయలు వస్తున్నాయనుకుందాం. అందులో 8,000 అదనపు డ్యూటీల వలన వచ్చినది. ఆమెకు కాన్పు వచ్చినా, నడుము నొప్పి వచ్చినా, వార్డు మారినా ముందుగా ఆగిపోయేది ఈ 8,000 రూపాయలే. కాబట్టి లెక్క 30,000 మీద వేసుకోవాలి. అందులో మూడవ వంతు, అంటే 10,000 రూపాయలకు మించకుండా నెల వాయిదా ఉంటే ఇల్లు గడుస్తుంది. బ్యాంకు అంతకంటే ఎక్కువ ఇస్తానని చెప్పవచ్చు. బ్యాంకు ఇచ్చేది వేరు, మనం మోయగలిగేది వేరు.

ఏటేటా ఒప్పందం పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగాలలో ఉన్నవారు ఇంకా జాగ్రత్తపడాలి. కనీసం ఆరు నెలల వాయిదాల సొమ్ము విడిగా దాచుకొన్న తరువాతే అప్పుకు వెళ్లడం మేలు. గల్ఫ్ వెళితే తీర్చేయవచ్చుననే ఆశతో పెద్ద అప్పు చేయరాదు. వీసా వచ్చినా రాకపోయినా వాయిదా రోజు వస్తుంది.

మన చేతి సొమ్ము కూడా కొంత కావాలి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షల వరకు ఉండే గృహ ఋణాలలో ఇంటి విలువలో 90 శాతానికి మించి ఇవ్వరాదు. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులను సాధారణంగా ఆ విలువలో కలపరు.

ఎన్ని సంవత్సరాలు?

పది లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ అనుకుందాం. ఇరవై సంవత్సరాలైతే నెలకు సుమారు 8,678 రూపాయలు. పదిహేనేళ్లయితే 9,847 రూపాయలు. తేడా నెలకు 1,169 రూపాయలే. కాని ఇరవై ఏళ్లలో కట్టే వడ్డీ సుమారు 10 లక్షల 83 వేలు, పదిహేనేళ్లలో 7 లక్షల 72 వేలు. నెలకు ఆ కొద్దిపాటి బరువు మోయగలిగితే మూడు లక్షలకు పైగా మిగులుతుంది.

పదవీ విరమణ వయస్సు కూడా చూసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగులకు ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అది 62 సంవత్సరాలైంది. తెలంగాణలో 2021లో 61 అయింది. ప్రైవేటు ఆసుపత్రులలో చాలాచోట్ల అంతకంటే ముందే పని మానవలసి వస్తుంది. జీతం ఆగేలోగా అప్పు తీరిపోవాలి.

వడ్డీ మారితే?

బ్యాంకుల గృహ ఋణాలు ఎక్కువగా మారే వడ్డీవే. దీనినే ఫ్లోటింగ్ వడ్డీ అంటారు. 2019 అక్టోబరు నుండి బ్యాంకులు ఇచ్చే ఇటువంటి కొత్త అప్పులు రెపో రేటు వంటి బయటి కొలమానానికి ముడిపడి ఉన్నాయి. 2022 మే ఆరంభంలో 4 శాతమున్న రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 శాతమైంది. 7 శాతానికి పది లక్షలు, ఇరవై ఏళ్లకు తీసుకొన్నవారి వాయిదా 7,753 రూపాయలు. వడ్డీ 9.5 శాతమైతే ఆ అసలు మీద నెల వడ్డీయే 7,917 రూపాయలు! అదే వాయిదా కడుతూ పోతే అసలులో ఒక్క రూపాయి తగ్గదు సరికదా, అప్పు పెరుగుతుంది.

అందుకే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకొన్నవారు కోరుకోవచ్చు. ఈ మాట మన సోదరీమణులు గుర్తుంచుకోవాలి. బ్యాంకు నుండి ఉత్తరమో, సందేశమో వస్తే పక్కన పెట్టక వెళ్లి అడగాలి. ఫ్లోటింగ్ వడ్డీ గృహ ఋణాన్ని గడువుకు ముందే తీర్చినా జరిమానా లేదు. ఎరియర్సు వచ్చినప్పుడు కొంత అసలుకు జమ చేయవచ్చు.

ఇల్లు ఎవరి పేరున?

ఇది అడగడానికి చాలామంది మొగమాటపడే ప్రశ్న. వాయిదా కూతురి జీతంలో నుండి పోతుంది. స్థలం మాత్రం తండ్రి పేరునో, అన్న పేరునో ఉంటుంది. ఆమె అప్పులో భాగస్తురాలిగా సంతకం చేస్తుంది. అప్పుకు పూర్తి బాధ్యురాలు అవుతుంది గాని ఇంటికి హక్కుదారు కాదు. వివాహమై వెళ్లిన తరువాత ఇది రెండు కుటుంబాలలోనూ మనస్పర్థలకు కారణమవుతుంది. ప్రేమ ఉన్నచోట పత్రమెందుకని పెద్దలు అనవచ్చు. ప్రేమ ఉన్నప్పుడే పత్రం వ్రాసుకోవడం సులభం. ఎవరి జీతంలో నుండి వాయిదా పోతుందో వారి పేరు దస్తావేజులో ఉండాలి. కొన్ని బ్యాంకులు స్త్రీల పేరున అప్పుకు వడ్డీలో స్వల్ప రాయితీ కూడా ఇస్తాయి.

చూడవలసిన పత్రాలు

స్థలానికి లింకు దస్తావేజులు, ఇ.సి. తీయించి వకీలుకు చూపించాలి. మన పల్లెలలో గ్రామకంఠం స్థలాలకు రిజిస్టరు పత్రాలు లేక బ్యాంకులు వెనుకాడుతుంటాయి. డి-పట్టా భూముల అమ్మకంపై 1977 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది. కాబట్టి పరీక్షించకుండా బయానా ఇవ్వరాదు.

2024 అక్టోబరు 1 నుండి ప్రతి ఋణదాత “కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్” అనే పత్రం ఇవ్వాలి. వడ్డీ, రుసుములు అన్నీ కలిపిన సంవత్సరపు ఖర్చు అందులో ఉంటుంది. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నియమం. తెలుగులో అడగండి. రెండు మూడు చోట్ల ఆ పత్రాలు తెచ్చుకొని పక్కపక్కన పెట్టి చూడండి. “వైద్యరంగంలో ఉన్నవారికి ప్రత్యేక పథకం” అని చెప్పినా ఈ పత్రంలోని అంకెలనే నమ్మాలి. అప్పుతోపాటు బీమా అంటగడితే, దాని ప్రీమియం అప్పులో కలిపి వడ్డీ వేస్తున్నారేమో గమనించండి. కుటుంబానికి బీమా అవసరమే. విడిగా తీసుకొనే టర్మ్ పాలసీతో పోల్చి చూశాకే ఒప్పుకోండి.

అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలోగా బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తన వలన ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున అదే చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుండి ఇది అమలులో ఉంది.

రాత్రంతా ఇతరుల పడకల ప్రక్కన మేల్కొని సంపాదించిన సొమ్ము ఇది. ఈ జీతంతో కట్టే ఇల్లు ఆమెకు విశ్రాంతి ఇవ్వాలే గాని మరో నైట్ డ్యూటీ కారాదు. తల్లిదండ్రులారా, ఈ వారం మీ కుమార్తె ఇంటికి వచ్చినప్పుడు ఆమె జీతం చీటీ, ఒక తెల్లకాగితం ముందు పెట్టుకొని కలిసి లెక్క వేయండి.