పెట్టె కొత్తది, కిటుకు పాతదే
ఖరీదైన ఆంప్‌ల నాదాన్ని డిజిటల్ మోడలర్లు అందుబాటులోకి తెచ్చాయి. దాన్ని వేదిక దాకా చేర్చే పని మాత్రం గిటారిస్టుదే

హెడ్‌ఫోన్స్‌లో వింటే గిటార్ సింహంలా గర్జిస్తుంది. అదే సెట్టింగ్‌తో కాలేజీ ఫెస్ట్ వేదికెక్కితే కందిరీగల రొదలా మారుతుంది. లేదంటే డ్రమ్స్ మోతలో మునిగిపోతుంది. డిజిటల్ ఆంప్ మోడలర్ కొన్న కుర్రకారుకు తరచూ ఎదురయ్యే నిరాశ ఇది. నింద పెట్టె మీద పడుతుంది. కొన్న ధరలో సగానికే అది చేతులు మారుతుంది.

నిజానికి ఈ పెట్టెలు తీర్చిన కష్టం చిన్నదేమీ కాదు. ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటి వాల్వ్ ఆంప్ బరువు దాదాపు 29 కిలోలు. అపార్ట్‌మెంట్‌లో దాని గొంతు పూర్తిగా విప్పితే ఇరుగుపొరుగు ఊరుకోరు. 1998లో లైన్ 6 సంస్థ తెచ్చిన పాడ్ అనే చిన్న ఎర్రటి పెట్టె రకరకాల ఆంప్‌ల ధ్వనిని అనుకరించి చూపింది. 2011లో జర్మనీకి చెందిన కెంపర్, అసలు ఆంప్ స్పందనను కొలిచి నకలు తీసే పద్ధతిని తెచ్చింది. ఇప్పుడైతే న్యూరల్ ఆంప్ మోడలర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతోంది.

మరి తేడా ఎక్కడ వస్తోంది? మోడలర్ సాధారణంగా వినిపించేది గదిలో ఎదురుగా మోగే ఆంప్‌ను కాదు, మైక్ పెట్టి రికార్డు చేసిన ఆంప్‌ను. 12 అంగుళాల గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన ధ్వనులను పెద్దగా పలికించదు. ఆ వడపోతే చెవికి ఇంపు. మోడలర్‌లో ఆ పని చేసేది క్యాబినెట్ విభాగం. దాన్ని ఆపేసి నేరుగా సభాస్థలి సౌండ్ సిస్టమ్‌కు కలిపితే కందిరీగలు లేస్తాయి. ఆపకుండా మామూలు గిటార్ ఆంప్‌కు కలిపితే వడపోత రెండుసార్లు జరిగి స్వరం మందగిస్తుంది.

రెండో చిక్కు చెవిలోనే ఉంది. తక్కువ వాల్యూమ్‌లో మంద్ర, తార ధ్వనులు చెవికి సరిగా ఆనవని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే తేల్చారు. అందుకే ఇంట్లో బాస్, ట్రెబుల్ పెంచి మిడ్ తగ్గిస్తారు. వేదిక మీద బాస్ గిటార్ ఆ అడుగు ధ్వనులను, సింబల్స్ ఆ పై ధ్వనులను కప్పేస్తాయి. గిటార్‌కు మిగిలే చోటు మధ్యలోనే. దాన్ని కుర్రాడు ముందే కోసేసుకున్నాడు.

విరుగుడుకు ఖర్చేమీ లేదు. టోన్‌ను బృందంతో కలిసి, వేదిక వాల్యూమ్‌లోనే దిద్దుకోవాలి. సుమారు 80 హెర్ట్జ్ కిందా, 6,000 హెర్ట్జ్ పైనా కత్తిరించాలి. గెయిన్ ఇంట్లో నచ్చినదానికంటే కాస్త తగ్గించాలి. అప్పుడు ఏ ఊరి ఫెస్ట్‌లో ఎలాంటి అద్దె ఆంప్ ఎదురైనా బెంగ ఉండదు. స్వరం సంచిలోనే ఉంటుంది.