కరువు తరిమిన బాటసారికి మన వాకిలి

నాట్లు మొదలయ్యాయంటే మా బాన్సువాడ చుట్టుపక్కల పొలాల్లో మరాఠీ మాట వినిపిస్తుంది. దెగ్లూరు, బిలోలి వైపు నుంచి కూలీలు పిల్లాపాపలతో వస్తారు. ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకుని నాట్లు వేస్తారు. పని ముగియగానే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతారు. వారి పేర్లు మనలో ఎవరూ రాసుకోరు.

వారెందుకు వస్తున్నారో తెలియాలంటే మంజీర వెంట ఎగువకు వెళ్లి చూడాలి. ఈ నది మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదర్ ప్రాంతాలు దాటి మన నిజాంసాగర్ చేరుతుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ జలాశయమే మన వరికి ఆధారం. 2016 వేసవిలో లాతూరు ప్రజలకు మిరజ్ నుంచి రైలులో తాగునీరు తేవలసి వచ్చింది. ఆ వేసవిలోనే ఇక్కడ నిజాంసాగర్ కూడా అడుగంటింది. 2025 ఆగస్టు చివర అందుకు పూర్తిగా విరుద్ధం. కుండపోత వానలకు కామారెడ్డి, మెదక్ జిల్లాలు అతలాకుతలమయ్యాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదని శాస్త్రజ్ఞులు చెబుతారు. అందుకే వాన పడితే కుండపోత, లేదంటే నెలల ఎడబాటు. వలసకు అప్పులూ, భూమి లేకపోవడమూ కారణాలే. అయితే వాన తప్పిన ఏడు ఆ ఉచ్చు మరింత బిగుస్తుంది.

ఆ ఆగస్టు వానల్లో ఒక రాత్రి, కాలువ గట్టున డేరాలు వేసుకున్న కూలీ కుటుంబాలు మా వీధికి వచ్చి వసారాలో తల దాచుకుంటామని అడిగాయి. “మీరు ఎవరి మనుషులు?” అని మేము మొదట అడిగాము. తలుపు తరువాతే తెరిచాము. ఆ కొద్దిసేపూ పసిపిల్లలు వానలో తడిశారు. నలభై ఏళ్లకు పైగా ధర్మశాస్త్రం చదివి, చదివించిన మాకు ఆ ప్రశ్న నేటికీ సిగ్గు కలిగిస్తోంది.

ప్రపంచం కూడా ఇదే ప్రశ్న అడుగుతోంది. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం కారణంగా హింసకు గురయ్యేవారినే గుర్తిస్తుంది. కరువు, వరద ఆ జాబితాలో లేవు. సముద్రం మింగుతున్న కిరిబాటి దీవుల నుంచి వచ్చిన అయోనే తెయితియోటాను న్యూజిలాండ్ 2015లో వెనక్కి పంపింది. అందులో తప్పు లేదని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ అన్నది. కానీ వాతావరణ మార్పు వల్ల ప్రాణాపాయం ఉన్నచోటికి మనిషిని తిప్పి పంపడం జీవించే హక్కుకు భంగం కావచ్చని కూడా చెప్పింది. 2020 జనవరిలో వెల్లడైన ఆ మాట ఒక ముందడుగు.

మన దేశంలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లడానికి వీసా అక్కర్లేదు. అక్కర్లేకపోయినా రక్షణ అందడం లేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు తెచ్చిన కూలీలనే లెక్కలోకి తీసుకున్నది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి తమంతట తాము వచ్చినవారికీ చోటిచ్చింది. కానీ గట్టు మీది డేరా దాకా ఏ చట్టమైనా దానంతట అది నడిచి రాదు.

ఇస్లామీ చరిత్రలో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. హిజ్రీ 18లో అరేబియాలో భయంకరమైన కరువు వచ్చింది. గాలికి బూడిదలా మట్టి లేచినందున దానికి ‘ఆముర్రమాదా’, అంటే బూడిద సంవత్సరం అని పేరు. ఎడారి తెగలు వేలాదిగా మదీనా చేరాయి. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) వారిని తరిమివేయలేదు. వచ్చినవారిని లెక్కించి భోజనం పెట్టించారు. సిరియా నుంచి ధాన్యం తెప్పించారు. ప్రజల కష్టం తీరేదాకా తాము నెయ్యి ముట్టలేదు. వానలు పడ్డాక దారి బత్తెమిచ్చి వారిని స్వస్థలాలకు పంపారు. దయతో పాటు అక్కడ ఏర్పాటు కూడా ఉన్నదని గమనించాలి. దివ్యఖురాన్ (9:60) జకాత్‌కు అర్హులుగా చెప్పిన ఎనిమిది వర్గాల్లో ‘ఇబ్నుస్సబీల్’, అంటే బాటసారి కూడా ఒకరు.

మన జిల్లా నుంచి ఎందరో బిడ్డలు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. అక్కడ యజమాని పాస్‌పోర్టు దాచుకుంటే ఇక్కడ తల్లి కంట నిద్ర ఉండదు. పరాయి ఊళ్లో మనవాడికి ఏ మర్యాద కోరుకుంటామో, మన ఊరికి వచ్చినవారికీ అదే మర్యాద చేయాలి కదా!

చేయవలసినది పెద్దదేమీ కాదు. నాట్ల కాలంలో గ్రామ పంచాయతీలో ఒక పుస్తకం పెట్టి వచ్చినవారి పేరు, ఊరు, కూలి ఒప్పందం రాయాలి. ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన రేషన్ కార్డుకు ఏ రాష్ట్రంలోనైనా ధాన్యం తీసుకోవచ్చు. ఆ సంగతి వారికి చెప్పి, దుకాణం దాకా తోడు వెళ్లాలి. బదిలీ పత్రం లేదని పిల్లలకు బడిలో చోటు నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. వానా వరదా వస్తే ఏ కమ్యూనిటీ హాలు, ఏ షాదీఖానా తెరవాలో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందే నిర్ణయించుకోవాలి. ఇది ఏ ఒక్క మతంవారి పనీ కాదు. అందరమూ కూర్చుని తేల్చుకోవలసిన పని.

ఈసారి రాత్రివేళ ఎవరైనా మా వాకిట నిలబడితే ముందు తలుపు తెరుస్తాము. తిన్నారా అని అడుగుతాము. పేరు ఆ తరువాత రాసుకుంటాము.