పరీక్షకు నిలబడే మాట ఏది?

నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కితే చింతపల్లి మన్యం. అక్కడి గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) కనిపిస్తుంది. దీని నిర్మూలనకు కేంద్రం 2023 జూలైలో జాతీయ మిషన్ ప్రారంభించింది. ప్రాణం మీదికి తెచ్చే ఈ జబ్బు తరతరాలుగా ఎందుకు పోలేదు? దీనికి జవాబు వెతికితే, జీవపరిణామాన్ని పరీక్షించవచ్చా అన్న ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

ముందు పరీక్ష అంటే ఏమిటో చూద్దాం. సిద్ధాంతం ముందుగానే ‘ఇలా కనబడాలి, కనబడకపోతే నా మాట తప్పు’ అని చెప్పాలి. ఆ తర్వాత వెళ్లి చూడాలి.

సికిల్ సెల్ జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే బిడ్డకు జబ్బు చేస్తుంది. ఒక్కరి నుంచే వస్తే ఆ బిడ్డ వాహకం (జన్యువు ఉన్నా మామూలుగా జబ్బు లేని మనిషి). మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాల్లోనే పెరుగుతుంది. వాహకుల రక్తంలో దాని ఆటలు అంతగా సాగవు. అందుకే మలేరియా ఉన్నచోట వాహకులైన పిల్లలు ఎక్కువమంది బతికి, ఆ జన్యువును తమ బిడ్డలకు అందిస్తారు. ఇదే ప్రకృతి వరణం (పరిసరాలకు తగిన లక్షణం తరతరాలకూ పెరగడం).

రక్తజబ్బులకూ మలేరియాకూ ఇలాంటి ముడి ఉండవచ్చని 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ తలసీమియా విషయంలో ఊహించారు. తర్వాత ఇండియాకు వచ్చి స్థిరపడ్డ శాస్త్రవేత్త ఆయన. సికిల్ సెల్ విషయాన్ని 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో తేల్చారు. మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఈ జన్యువు ఎక్కువ, లేనిచోట తక్కువ. వాహకులైన పిల్లల్లో మలేరియా క్రిములూ తక్కువే. లెక్క తిరగబడి ఉంటే ఊహ అక్కడితో కూలిపోయేది.

ఇప్పుడు ఇంటెలిజెంట్ డిజైన్ (ప్రాణుల నిర్మాణం వెనుక తెలివైన కర్త ఉన్నాడనే వాదం) సంగతి. ఇందులో రెండు రకాల మాటలున్నాయి. ‘ఎవరో రూపొందించారు’ అన్న మాటను పరీక్షించలేం. జన్యువు ఉన్నా కర్త ఇష్టమే, లేకపోయినా కర్త ఇష్టమే. ఏది కనబడినా సరిపోయే మాటకు తప్పయ్యే వీలు లేదు. కానీ ఆ వాదులు చెప్పిన కొన్ని నిర్దిష్టమైన మాటలను పరీక్షించవచ్చు. బ్యాక్టీరియా ఈదే తోకలో ఏ భాగం తీసినా మిగిలింది పనికిరాదని మైకేల్ బిహీ 1996లో రాశారు. ఆ తోకలోని కొన్ని భాగాలను పోలిన అమరిక కొన్ని బ్యాక్టీరియాల్లో వేరే పని చేస్తోంది. అది ప్రొటీన్లను ఇతర కణాల్లోకి ఎక్కిస్తుంది. అంటే ఆ మాట పరీక్షలో నిలబడలేదు. ఈ వాదం సైన్స్ కాదని 2005లో అమెరికాలోని డోవర్ కేసులో కోర్టు తీర్పు చెప్పింది.

మన దగ్గరా ఇలాంటి చర్చ నడిచింది. 2019 జనవరిలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి జి. నాగేశ్వరరావు, డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలు మేలైన వివరణ అన్నారు. చేప, తాబేలు, వరాహం అన్న వరుసలో పోలిక ఉన్న మాట నిజం. అయితే ఏ వయసు రాతిపొరలో ఏ జీవి దొరుకుతుందో ఆ వరుస చెప్పదు. పరిణామం చెబుతుంది. చేపకూ నాలుగు కాళ్ల జంతువుకూ నడుమ ఉండే జీవి కోసం 37.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో వెతికారు. 2004లో కెనడా ఉత్తరాన టిక్టాలిక్ శిలాజం దొరికింది.

ఇందువల్ల దేవుడు లేడని తేలదు. విశ్వాసం సైన్స్ పరీక్షకు వచ్చే విషయం కాదు. సైన్స్ క్లాసులోకి వచ్చిన ప్రతి మాటనూ మాత్రం, అది డార్విన్‌దైనా సరే, పిల్లలు ఒకటి అడగాలి: ఏది కనబడితే ఈ మాట తప్పని ఒప్పుకుంటారు? దానికి జవాబు ఉన్న మాటనే పాఠంగా చెప్పాలి.