పెనుగాలి వేళ కరెంటు ఆపుట ఎందుకు?

వేసవిలో వడగాలి తీవ్రముగా వీచు మధ్యాహ్నములందును, ఆశ్వయుజ కార్తికములలో తుపాను హెచ్చరిక వెలువడిన రాత్రులందును గ్రామములలో కరెంటు ఆగిపోవుట పంచాయతీ సభ్యులందరికిని అనుభవములోని విషయమే. గాలి యింకను ముదరకముందే కరెంటు తీసివేసినారని సబ్‌స్టేషనుకు ఫోను చేసి కోపగించుకొను సర్పంచులను మే మెరుగుదుము. వారి కోపము అకారణమైనది కాదు. కరెంటు లేనిదే మంచినీటి ట్యాంకు నిండదు, సెల్‌ఫోనులు మూగవోవును, ఇంటిలో ఆక్సిజన్ యంత్రముపై ఆధారపడిన రోగి యున్నచో ఆ కుటుంబము పడు ఆందోళన చెప్పనలవి కాదు. అయినను కొన్ని సమయములలో కరెంటు ఉండుటకంటె లేకుండుటయే గ్రామమునకు క్షేమము. అది ఎట్లో, అట్టి సమయమునకు విద్యుత్ పంపిణీ సంస్థలు చేయు నేర్పాట్లేవో, అందు పంచాయతీ వంతు ఎంతో ఇచ్చట వివరింతుము.

స్తంభమునకును స్తంభమునకును నడుమ తీగ కొంత వ్రేలాడుచుండును. ఆ వ్రేలుదల మితిమీరిన చోట పెనుగాలికి రెండు తీగలు ఊగి ఒకదానినొకటి తాకును. తాకిన క్షణమున మెరుపు పుట్టి అల్యూమినియము కరగును. ఆ లోహము 660 డిగ్రీల వేడికి గాని కరగదు. అట్టి బొట్టు క్రింద నున్న గడ్డివామిపైనో, తాటాకు కప్పుపైనో పడినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద నుండు ఫ్యూజు ఇట్టి సమయమున తాను కరగి ప్రవాహమును త్రుంచుటకే యేర్పడినది. కాని అది మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున లావుపాటి తీగ బిగించు అలవాటు మన పల్లెలలో కలదు. అట్లు చేసిన పిదప అది పేరునకు మాత్రమే ఫ్యూజు.

ఇంకొక చిక్కు కలదు. తెగిన తీగ తడినేలపై పడినపుడు ప్రవాహము ఎక్కువై ఫ్యూజు పోవచ్చును. ఎండిన నేలపైనో, ఇసుకపైనో పడినపుడు నేలలోనికి పోవు కరెంటు స్వల్పముగా నుండుటచే, ఫ్యూజునకు గాని సబ్‌స్టేషనులోని బ్రేకరుకు గాని లోపము తెలియకపోవచ్చును. తీగ కరెంటుతోనే పడియుండును. గడ్డి అంటుకొనును, పశువు తాకి చచ్చును, పశువును లేపబోయిన మనిషియు చచ్చును. కావుననే గాలి మితిమీరునని ముందుగా తెలిసినపుడు, తీగ తెగిన పిమ్మట వెదకుటకంటె ముందే ప్రవాహము నాపుట మేలని ఇంజనీర్లు భావింతురు.

ఈ పాఠమును మిక్కిలి మూల్యము చెల్లించి నేర్చుకొన్న ప్రాంతము అమెరికా దేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రము. మన జిల్లాల బిడ్డలు పెక్కుమంది అచ్చట ఉద్యోగములు చేయుచుండుటచే ఆ పేరు మన గ్రామములకు క్రొత్తది కాదు. అచ్చట వర్షములు ముఖ్యముగా చలికాలముననే కురియును. వేసవి యంతయు వాన లేక కొండలు ఎండుగడ్డితో నిండియుండగా, శరత్కాలమున ఈశాన్యము నుండి పొడిగాలి విరుచుకొని పడును. 2018 నవంబరు 8వ తేదీ ఉదయము 6.30 గంటల ప్రాంతమున ఒక కొండలోయలో 115 కిలోవోల్టుల లైనునందలి యొక కొక్కెము విరిగెను. ఇన్సులేటరును పట్టియుంచు ఆ యినుప కొక్కెము దాదాపు నూరేండ్లు ఊగి ఊగి అరిగిపోయినది. జారిన తీగ టవరును తాకగా నిప్పురవ్వలు ఎండుగడ్డిలో రాలినవి. కొన్ని గంటలలో, సుమారు 26 వేల జనాభా గల ప్యారడైజ్ అను పట్టణము భస్మమయ్యెను. 85 మంది మరణించిరి. 18 వేలకు పైగా కట్టడములు కాలిపోయినవి. ఆ లైను యజమాని యగు పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ 2020లో న్యాయస్థానమున 84 మరణములకు తన నేరమును అంగీకరించినది.

గాలి బలముగా నుండునని ఆ కంపెనీ ఎరుగకపోలేదు. కరెంటు ఆపవలసి రావచ్చునని రెండు దినముల ముందే ప్రజలకు తెలిపియుండెను. పిదప పరిస్థితి అంత తీవ్రముగా లేదని తలచి ఆపలేదు. పైగా నాటి ప్రణాళికలో అంత పెద్ద లైనులు చేరియే యుండలేదు.

మరుసటి సంవత్సరము కంపెనీ వెనుదీయలేదు. 2019 అక్టోబరు 9 మొదలు ఏడు లక్షలకు మించిన సర్వీసులకు కరెంటు ఆపివేసినది. అప్పుడు మరియొక కష్టము బయలుపడెను. ఏ వీధికి ఎప్పుడు ఆపుదురో తెలిసికొనుటకు ప్రజలందరు ఒక్కసారిగా చూచుటచే కంపెనీ వెబ్‌సైటు స్తంభించినది. వేలాది యిండ్లకు, వానిలో వైద్య యంత్రములపై ఆధారపడిన రోగుల యిండ్లకును, ముందుగా కబురే అందలేదు. ఈ లోపములకు గాను రాష్ట్ర నియంత్రణ సంఘము 2021లో ఆ కంపెనీకి 10 కోట్ల డాలర్లకు మించిన అపరాధము విధించెను. మంట నాపుటకు చేసిన పనికే అపరాధమా అని కొందరు తలపవచ్చును. మా అభిప్రాయమున ఆ విధింపు న్యాయమైనదే. స్విచ్చి తీయుట ఒక నిమిషపు పని; చీకటిలో మిగిలినవారి సంగతి చూచుట దినముల తరబడి చేయవలసిన పని.

అటుపిమ్మట ఆ కంపెనీ చేసికొన్న ఏర్పాట్లు తెలిసికొనదగినవి. గాలి వేగమును, తేమను కొలుచు కేంద్రములను కొండలంతట 1,500కు పైగా నెలకొల్పినది. వీలైనంతవరకు రెండు దినముల ముందొకసారి, ఒక దినము ముందొకసారి, ఆపుటకు కొంచెము ముందొకసారి కబురు పంపును. యంత్రములపై ఆధారపడిన రోగుల పట్టిక యొకటి కలదు. వారిలో ఎవరైనను ఫోనుకు పలుకనిచో మనిషి వెళ్లి తలుపు తట్టును. అట్టివారిలో కొందరికి ఉచితముగా బ్యాటరీ పెట్టెలు పంచిపెట్టినది. కరెంటు ఆపిన ప్రాంతములలో విడిది కేంద్రములు తెరచి, ఫోనులకు, వైద్య యంత్రములకు ఛార్జింగును, త్రాగునీటిని ఏర్పరచును. 2021 మొదలు, చెట్టుకొమ్మ తీగను తాకినచో సెకండులో పదవ వంతు కాలములోనే ప్రవాహము తెగునట్లు బ్రేకరులను సవరించుచున్నది. తీగలను నేలలో పూడ్చుటయే శాశ్వత మార్గమని 16 వేల కిలోమీటర్ల పథకమును అదే సంవత్సరము ప్రకటించినది గాని, మైలునకు ముప్పది లక్షల డాలర్లకు పైబడు ఆ ఖర్చును సంపన్న దేశము సైతము నెమ్మదిగానే భరింపగలుగుచున్నది.

మన రాష్ట్రమున అడవిమంట కంటె తుపాను గాలి పెద్ద శత్రువు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖపట్టణమే పలు దినములు చీకటిలో నుండెను. తరువాత ప్రపంచబ్యాంకు సహాయముతో ఆ నగరమున తీగలను భూగర్భమున వేయు పని చేపట్టబడినది. పల్లెలకు అది ఎప్పటికి వచ్చునో! 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానమునందు కొబ్బరి చెట్లును, జీడిమామిడి చెట్లును తోటలుగా కూలినవి. స్తంభములు వరుసగా ఒరిగినవి. మూత్రపిండముల వ్యాధిగ్రస్తులు అధికముగా నున్న ప్రాంతమది. అచ్చట కరెంటు లేకపోవుట యనగా దీపము లేకపోవుట మాత్రమే కాదు. మోటారు ఆగినది గనుక నీరును లేదు.

తుపాను హెచ్చరిక వెలువడగనే విద్యుత్ పంపిణీ సంస్థలు స్తంభములను, ట్రాన్స్‌ఫార్మర్లను, తీగ చుట్టలను ముందుగానే తరలింతురు. ఇతర జిల్లాల నుండి సిబ్బందిని, క్రేనులను, చెట్లు కోయు రంపములను రప్పింతురు. అయితే ఏ వీధిలో ఎవరికి కరెంటు ప్రాణావసరమో సంస్థకు తెలియదు. మీటరు పుస్తకములో యూనిట్లుండును గాని రోగి యుండడు. అది తెలిసినవారు పంచాయతీ సభ్యులే. కావున ప్రతి వార్డు సభ్యుడు తన వార్డులో ఆక్సిజన్ యంత్రము వాడువారిని, ఇంటివద్దనే డయాలసిస్ చేసికొనువారిని, చల్లగా నుంచవలసిన ఇన్సులిన్ వాడువారిని, నెలలు నిండిన గర్భిణులను, ఒంటరి వృద్ధులను పేరు పేరున వ్రాసి, ఒక ప్రతి లైన్‌మనుకు, ఒకటి ఆరోగ్య సిబ్బందికి, ఒకటి ఆశా కార్యకర్తకు ఇయ్యవలెను. రోగుల వివరములు గనుక గోడకు అంటింపరాదు. ఎవరిని ఏ ఆసుపత్రికి, ఎవరి వాహనముపై తరలింపవలెనో ఆ పట్టికలోనే వ్రాసికొనుట మంచిది. ట్యాంకును హెచ్చరిక వచ్చిన దినముననే నింపవలెను. మోటారుకు సరిపడు జనరేటరు ఎక్కడ దొరకునో అప్పుడు వెదకినచో దొరకదు.

వేసవికి ముందు చేయదగిన పని వేరు. 11 కిలోవోల్టుల తీగ కట్టడమునకు పైన 3.7 మీటర్లు, ప్రక్కన 1.2 మీటర్లు ఎడముండవలెనని నియమము. గడ్డివాములకు ఈ కొలత చాలదు. రవ్వను గాలి మోసికొనిపోవును గనుక తీగల దరిదాపులలో వామి వేయనీయరాదు. వరిగడ్డి ఎత్తుగా వేసిన ట్రాక్టరు తీగ తగిలి దారిలోనే తగులబడుట మన జిల్లాలలో తరచు జరుగుచున్నది. తీగ క్రిందుగా వ్రేలాడు చోట్లను పంచాయతీ తీర్మానముతో వ్రాతమూలముగా తెలిపి, సరిచేయువరకు ఆ దారిన గడ్డి బండ్లను పోనీయకుండుట మేలు. కొమ్మలు కొట్టుట మాత్రము లైన్‌మను లైన్ క్లియర్ తీసికొన్న పిమ్మటనే జరుగవలెను.

గాలి తగ్గిన పిదపను కరెంటు వెంటనే రాదు. తీగ వెంబడి నడచి చూచి, పడిన కొమ్మలు తీసిన తరువాతనే ఇచ్చుట క్షేమము. ఈ వ్యవధిలో పంచాయతీ చేయగల మేలు పెద్దది: ఎచ్చట తీగ తెగినదో, ఎచ్చట స్తంభము ఒరిగినదో 1912 సంఖ్యకు తెలిపి, పడిన తీగకు పది మీటర్ల దూరమున కాపలా నుంచుట.

జనరేటరు వలన కలుగు ప్రమాదమును మాత్రము పలువురెరుగరు. ట్రాన్స్‌ఫార్మరు రెండు వైపులకును పనిచేయు యంత్రము. 11,000 వోల్టులను దించి ఇండ్లకు పంపునట్టి ఆ యంత్రమే, ఇంటి వైపు నుండి కరెంటు వచ్చినచో దానిని 11,000 వోల్టులకు పెంచి లైనులోనికి పంపగలదు. చేంజోవర్ స్విచ్చి లేకుండ జనరేటరును ఇంటి వైరింగునకు తగిలించినవాడు, సబ్‌స్టేషనులో ప్రవాహము ఆగినదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మను చేతిలో ఆ వోల్టేజిని పెట్టినవాడగును. కల్యాణ మండపములు, రైసు మిల్లులు, రొయ్యల చెరువులు, ఐసు కర్మాగారములు ఉన్న గ్రామములలో జనరేటర్లు పెక్కు. వానిలో దేనికి చేంజోవర్ స్విచ్చి కలదో, దేనికి లేదో తుపాను ఋతువునకు ముందే లైన్‌మనును వెంటబెట్టుకొని చూచి, లేనివారిచేత పెట్టింపవలెను.