వలస వచ్చే పిట్టలు

మన వైపు చాలా ఊళ్ళ పేర్ల చివర 'వలస' అని ఉంటుంది. తిప్పలవలస అలాంటిదే. వలస మనకు కొత్త కాదు. మన తీరం నుంచి మత్స్యకారులు వేటకు గుజరాత్‌లోని వీరావల్ దాకా పోతారు. వానాకాలంలో వెళ్ళి ఎండాకాలంలో వస్తారు.

పిట్టలూ వలస పోతాయి. చలికాలంలో ఉత్తర దేశాల్లో నీళ్ళు గడ్డకడతాయి. పురుగులు దొరకవు. తిండి కోసం పిట్టలు ఇటు బయలుదేరతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన చెరువులకు, గెడ్డలకు చేరతాయి. మార్చి, ఏప్రిల్‌లో తిరిగి పోతాయి. పగలు సూర్యుణ్ణి, రాత్రి చుక్కల్ని బట్టి దారి తెలుసుకుంటాయి.

ఇవి ఎక్కడివో ఎలా తెలిసింది? పిట్టను పట్టి, కాలికి అంకెలున్న చిన్న కడియం వేసి వదిలేస్తారు. అది వేరే దేశంలో దొరికితే ఆ అంకెలు చదువుతారు. చదవడం వచ్చినవాళ్ళకే ఆ పిట్ట కథ తెలుస్తుంది.

పిట్టల్ని చూడడం ఎవరైనా నేర్చుకోవచ్చు. దుర్భిణి లేకపోయినా ఫరవాలేదు. తెల్లవారగానే చెరువు గట్టుకు వెళ్ళండి. ఎండ వీపు మీద పడేలా నిలబడండి. మాట్లాడకండి. ముందు సైజు చూడండి. పిచ్చుకంత ఉందా, కాకంత ఉందా? తర్వాత ముక్కు, కాళ్ళు, తోక చూడండి.

తోక ఆడిస్తూ నేల మీద పరిగెత్తే పిట్ట జిట్టంగి. తల, వీపు నల్లగా, కంటిపైన తెల్లగీత ఉంటే అది ఎప్పుడూ ఇక్కడ ఉండేదే. వీపు బూడిద రంగులో ఉంటే వలస వచ్చినది. నీటి అంచున ఒళ్ళు ఊపుతూ తిరిగేది ఉల్లంకి.

ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో ఇలా రాయండి:

అక్టోబరు 10. చెరువు గట్టు. బూడిద రంగు జిట్టంగులు. 2.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. అక్కడ ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు. నిజానికి రెండూ మన దేశపు పక్షులే. అవి వస్తేనే ఊరికి మంచిదని అక్కడివాళ్ళ నమ్మకం. అందుకే వాటిని ఎవరూ కొట్టరు.

చెరువు పూడిపోతే, నీరు పాడైతే పిట్టలకు తిండి ఉండదు. అవి రావు. ఆ నీళ్ళు మన పశువులు తాగేవే, మన పొలాలకు పారేవే. ఈ ఏడు రాసిన అంకెను వచ్చే ఏటి అంకెతో పోల్చి చూడండి. తగ్గితే పంచాయతీలో అడగండి. మీ చేతిలో రాసిన లెక్క ఉంటుంది.