రసీదు ఉంది, చేరినట్టు సాక్ష్యం లేదు

పోస్టాఫీసు రసీదు బీరువాలో భద్రంగానే ఉంటుంది. అమ్మిన డబ్బు మాత్రం ఖాతాలోంచి వెనక్కి పోతుంది. షోలాపూర్‌లోనూ, భివండీ పద్మానగర్‌లోనూ ఇంట్లో కూర్చొని ఆన్‌లైన్‌లో పరదేశాలకు సరుకు అమ్మడం మొదలుపెట్టిన మన పిల్లలు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది. తెలిశాక కొందరు భయపడి ఆ పని మానేస్తామంటారు. మానక్కర్లేదు. కానీ లెక్క తెలియకుండా చేయకూడదు.

మన దగ్గర అమ్మడానికి సరుకు ఉంది. షోలాపూర్ చద్దరుకు, టెర్రీ టవల్‌కు జీఐ గుర్తింపు ఉంది. మన తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి వచ్చి మగ్గం పెట్టుకున్న ఊరు ఇది. సాంచెలు నడవని వారాల్లో, బీడీ కార్ఖానాలో ఆకు తక్కువ ఇచ్చిన రోజుల్లో, ఇంట్లో చదువుకున్న పిల్ల ఫోన్లో నాలుగు టవళ్ల ఫోటోలు పెట్టి అమ్మితే అది ఇంటికి ఆసరా. ఎట్సీ, ఈబే లాంటి చోట దుకాణం తెరుస్తారు. డబ్బు పేపాల్ లాంటి దారిలో డాలర్లలో వస్తుంది. (2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో మనకు మనం పంపుకునే పని పేపాల్ ఆపేసింది. పరదేశపు కొనుగోలుదారు నుంచి డబ్బు తీసుకునే పని నడుస్తూనే ఉంది.)

ఒక ఇంటి లెక్క చూద్దాం. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి టవళ్ల సాంచె మీద. కూతురు ఆరు చేతి టవళ్లు కెనడాలో ఒకామెకు 48 డాలర్లకు అమ్మింది అనుకోండి. పోస్టాఫీసులో అప్పట్లో రెండు రకాలు ఉన్నాయన్నారు. ఒకటి ట్రాకింగ్ ఉన్నది, ఇంకొకటి లేనిది. లేనిది చవక. మిగిలిన డబ్బుతో ఇంకో అర డజను టవళ్ల నూలు వస్తుంది కదా అని చవకది పంపింది. నలభై రోజులకు కెనడా నుంచి ఒక ముక్క వచ్చింది: సరుకు అందలేదు, డబ్బు తిరిగి ఇవ్వండి. పిల్ల రసీదు ఫోటో తీసి పంపింది. అది చెల్లదన్నారు. టవళ్లు పోయాయి, పోస్టు ఖర్చు పోయింది, నాలుగు వేల పైచిలుకు రూపాయలు వెనక్కి పోయాయి.

ఇట్లాంటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే. సర్కారు ముద్ర ఉన్న కాగితం చేతిలో ఉంటే ఇంకేం కావాలి? న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ కాగితం ఏం చెప్తుందో చూడండి. ఫలానా రోజు, ఇంత బరువు పొట్లం, ఫలానా దేశానికి మీరు ఇచ్చారు అని చెప్తుంది. అక్కడ ఫలానా గుమ్మంలో అందింది అని చెప్పదు. కొన్నవాళ్లు 'అందలేదు' అంటే పేపాల్ అమ్మినవాళ్లను అడిగేది పంపినట్టు కాదు, చేరినట్టు సాక్ష్యం. ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడగలిగే నంబరు, దాని మీద 'డెలివర్డ్' అన్న మాట, చేరిన తేదీ, కొన్న మనిషి ఊరు. అవి లేకపోతే అమ్మినవాళ్ల మాట నిలవదు.

మరి పోస్టాఫీసు బాధ్యత ఏమిటి? దేశాల మధ్య ఉత్తరాలు, పొట్లాలు నడిచే కట్టుబాట్లను యూనివర్సల్ పోస్టల్ యూనియన్ చూసుకుంటుంది. 1874లో పుట్టింది, కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో. ఆ కట్టుబాటు ప్రకారం రిజిస్టర్ చేసినవీ, పార్సిళ్లూ, బీమా చేసినవీ పోతే పరిహారం ఉంటుంది. మామూలు ఉత్తరంలా పోయే చిన్న పొట్లానికి ఏమీ లేదు. రిజిస్టర్ చేసిన దానికి కూడా పరిహారానికి హద్దు ఉంది. అది దాదాపు 40 డాలర్లకు సమానమైన మొత్తం. అంటే మామూలు పొట్లం విషయంలో పోస్టు మీద బాధ్యత లేదు, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి వస్తుంది. నష్టం మోయడానికి మిగిలింది మన పిల్ల ఒక్కతే.

ఇంకో మోసకారి సంగతి ఉంది. 2025 చివరి దాకా సరుకు ఉన్న మామూలు పొట్లం మీద కూడా బార్‌కోడ్ అంటించేవారు. అది చూసి ట్రాకింగ్ ఉందనుకునేవాళ్లం. అది కస్టమ్స్ వాళ్లకు ముందుగా సమాచారం పంపడానికి వేసేది. నంబరు మొదటి అక్షరం చూడండి. మొత్తం పదమూడు గుర్తులు ఉంటాయి: ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యన తొమ్మిది అంకెలు, చివర మన దేశపు గుర్తు 'ఐ ఎన్'. మొదటి అక్షరం 'యు' అయితే అది ట్రాకింగ్ లేని పొట్లం. 'ఆర్' అయితే రిజిస్టర్, 'ఎల్' అయితే ట్రాకింగ్ ఉన్న చిన్న పొట్లం, 'సి' పార్సిల్, 'ఇ' అయితే ఈఎంఎస్ స్పీడ్ పోస్ట్. కౌంటర్ దగ్గర లైను ఎంత ఉన్నా సరే, రసీదు మడిచే ముందు ఈ ఒక్క అక్షరం చూడాలి. 'యు' నంబరును దుకాణం పేజీలో ట్రాకింగ్ అని రాసి పెడితే తర్వాత అది మన మీదికే వస్తుంది.

కొన్నవాళ్లంతా దొంగలా? నేను అలా అనుకోను. ఫ్లాట్ నంబరు తప్పు రాస్తారు. పక్కింటివాళ్లు తీసుకుంటారు. యూరప్ యూనియన్ దేశాల్లో 2021 జూలై 1 నుంచి ఎంత చిన్న పొట్లానికైనా వ్యాట్ పడుతుంది. అది కట్టమని అక్కడి పోస్టువాళ్లు చీటీ పంపితే, కొందరు విసుగొచ్చి వదిలేస్తారు, వదిలేసి 'అందలేదు' అంటారు. ట్రాకింగ్ ఉంటే కస్టమ్స్‌లో ఆగిందని మనకు కనిపిస్తుంది, ఆ మాట వాళ్లకు చెప్పగలం. లేకపోతే గుడ్డిగా కూర్చోవాలి. ట్రాకింగ్ లేదని పసిగట్టి కావాలనే అందలేదనేవాళ్లూ ఉంటారు, కాదనను. ఏ మనిషి ఎట్లాంటిదో షోలాపూర్‌లో కూర్చొని తేల్చలేం. అందుకే కొన్నామెతో పోట్లాడటం దండగ.

అమెరికాకు పంపేవాళ్లకు 2025 కష్టకాలం. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదన్న వెసులుబాటును ఆ దేశం ఆగస్టు 29 నుంచి తీసేసింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అక్కడికి సరుకు తీసుకోవడం ఆపింది, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఇలా దారి మూసుకున్నప్పుడు దుకాణం పేజీలో పాత చేరే తేదీలే ఉంచితే గొడవ చేతులారా తెచ్చుకున్నట్టే. అలాంటి వార్త వినగానే ఆ దేశపు అమ్మకం ఆపాలి, లేదా తేదీలు పొడిగించాలి.

గడువుల సంగతి కూడా చూడాలి. పేపాల్‌లో కొన్న మనిషి డబ్బు కట్టిన నాటి నుంచి 180 రోజుల వరకు ఫిర్యాదు తెరవవచ్చు. తెరిచాక 20 రోజుల్లో దాన్ని క్లెయిమ్‌గా మారుస్తారు. ఇద్దరి మధ్య మాటలతో తెగేది ఆ మధ్యలోనే. కార్డుతో కట్టినవాళ్లు తమ బ్యాంకు ద్వారా అడిగే దారి వేరే ఉంది. కాబట్టి వచ్చిన డాలర్లను మరుసటి వారమే నూలుకూ, పెళ్లి చదివింపులకూ ఖర్చు పెడితే తర్వాత చిక్కు. ఆరు నెలల పాటు కొంత మొత్తం ముట్టకుండా ఉంచాలి. బీడీల కూలితో నడిచే ఇంట్లో ఇది కష్టమని తెలిసే చెప్తున్నాను.

సరుకును ట్రాకింగ్ లేకుండా పంపే దారి 2025 చివరి దాకా ఉండేది. ఎనిమిది డాలర్ల రుమాలుకు ట్రాకింగ్ పెడితే రుమాలు ధర కంటే పోస్టే ఎక్కువవుతుంది, ఎవరూ కొనరు. అలాంటి వాటిని అప్పట్లో మామూలుగా పంపి, ఇరవైలో ఒకటి పోతుందనుకొని ఆ నష్టాన్ని అన్నిటి ధరలో కలుపుకునే వీలుండేది. చద్దరు, టవళ్ల సెట్టు లాంటివి అట్లా కాదు. ఒక్కటి పోతే ఒక వారం కూలి పోయినట్టే. వాటికి ఇంటర్నేషనల్ ట్రాక్డ్ ప్యాకెట్ సర్వీస్ అడగాలి. అన్ని దేశాలకూ అది లేదు, లేని చోటికి పార్సిలో, ఈఎంఎస్సో చూడాలి. ఆ ఖర్చును ధరలోనే కలిపి, పోస్టు ఉచితం అని రాస్తే కొనేవాళ్లకూ ఇబ్బంది ఉండదు. డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం ఉన్న పోస్టాఫీసుకు వెళితే ఎగుమతి కాగితాలు అక్కడే చేసుకోవచ్చు. దానికి ఐఈసీ నంబరు కావాలి, డీజీఎఫ్‌టీ దగ్గర 500 రూపాయల ఫీజు.

ఇప్పటికే ఫిర్యాదు వచ్చి ఉంటే? అదే రోజు జవాబు రాయండి. అడ్రసు మళ్లీ సరిచూడమనండి, ఇంట్లో మిగతావాళ్లనూ, అక్కడి పోస్టాఫీసునూ అడగమనండి, ఇంకో పది రోజులు ఓపిక పట్టమని మర్యాదగా కోరండి. ఫిర్యాదు తెరిచి ఉండగా ఇంకో పొట్లం పంపకండి, డబ్బూ పోతుంది, రెండు సరుకులూ పోతాయి. రిజిస్టర్ చేసిందో, పార్సిలో అయితే పంపిన మర్నాటి నుంచి ఆరు నెలల లోపు పోస్టాఫీసులో విచారణ అర్జీ పెట్టవచ్చు. సిఎన్ 08 అనేది ఆ ఫారం పేరు. అర్జీకి అసలు రసీదు కావాలి. రసీదు మీద సిరా కొన్ని నెలల్లో చెరిగిపోతుంది, ఇచ్చిన రోజే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.