వాద్యముల సంకేత భాష

తెనాలి, రేపల్లె మొదలు అడవులదీవి వరకు గల ఈ ప్రాంతమున పద్యనాటకమునకు హార్మోనియము ప్రాణము వంటిది. కాని దాని మెట్టు నొక్కిన స్థిరమైన స్వరమే పలుకును. వీణతీగవలె గమకముతో ఊగదు. ఇట్టి చిక్కే ఎలక్ట్రానిక్ వాద్యములకును వేరొక రూపమున ఎదురైనది.

వేర్వేరు సంస్థలు చేసిన వాద్యములు ఒకదానితో నొకటి కలసి పనిచేయుటకై 1983లో ‘మిడి’ అను ప్రమాణ మేర్పడినది. ఇందు తీగవెంట పోవునది ధ్వని కాదు, అంకెలు. ఏ మెట్టు నొక్కిరి, ఎంత బలముగా నొక్కిరి, ఎప్పుడు వదలిరి అను సమాచారము సెకనుకు 31,250 బిట్ల వేగముతో పోవును. బలమును తెలుపుటకు 0 నుండి 127 వరకు గల అంకెలే ఆధారము. స్వరమును వంచు సంకేతమును కలదు. అయితే ఒక చానెల్‌లో పలుకు స్వరములన్నియు ఒక్కసారే వంగును. ఒకటి నిలకడగా నుండగా మరొకటి గమకముతో కదలవలెనన్న దానికి వేరొక చానెల్ కేటాయింపవలసినదే.

2020లో వెలువడిన ‘మిడి 2.0’ ఈ లోపమును సవరించినది. ప్రతి స్వరమునకును ప్రత్యేకమైన వంపు లభించినది. బలమునకు 65,536 అంతరువు లేర్పడినవి. చానెళ్లు 16 నుండి 256కు పెరిగినవి. వాద్యములు ముందుగా పరస్పరము ప్రశ్నించుకొనును. ఎదుటిది పాతదైనచో పాత భాషలోనే సంకేతములు పంపును. కావున పాత కీబోర్డును మూల పడవేయ నక్కరలేదు.

అయినను ప్రమాణము గమకమును మోయగలదే గాని పుట్టింపజాలదు. వేలి కదలికను గ్రహింపగల మెట్లు వాద్యమున కుండవలెను; ఆ కదలిక నెరిగిన విద్వాంసుడును ఉండవలెను.